తెగిన చోటే చెబుతుంది.. తప్పెక్కడుందో!

ఉప్పుగాలి, చెమట.. గిటార్‌ తీగకు శత్రువులు
చిన్న జాగ్రత్తలతో ఎక్కువ రోజుల మన్నిక

బరంపురం: పెళ్లి రిసెప్షన్‌. ఒడియా పాట అయిపోయింది, తెలుగు పాట ఎత్తుకున్నారు. ముందు వరసలో కుర్రకారు ఈలలు వేస్తున్నారు. సరిగ్గా చరణం దగ్గర ‘టంగు’మని గిటార్‌ తీగ తెగిపోతుంది. కీబోర్డు వాయించే అతను ఎలాగోలా పాటను గట్టెక్కిస్తాడు. మరి మిగతా పాటల సంగతో? రాత్రి పదింటికి తీగలమ్మే కొట్టు ఏది తెరిచి ఉంటుంది? ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి పిలుపు రాదు. ఆర్కెస్ట్రాల్లో వాయించుకుని నాలుగు డబ్బులు సంపాదించుకునేవారికి ఇది కడుపుకు సంబంధించిన విషయమే.

తీగ తెగగానే ‘సరుకు నాసిరకం’ అని కొట్టువాడిని తిట్టుకోవడం మామూలే. కానీ చాలాసార్లు తప్పు తీగది కాదు. కొత్త తీగ వేసినా మళ్లీ అదే చోట తెగుతోందంటే గిటార్‌లోనే ఏదో ఉందన్నమాట.

ఎక్కడ తెగిందో చూడండి

బ్రిడ్జి దగ్గర: తీగ ఆనుకునే తెల్లటి పట్టీని శాడిల్‌ అంటారు. దాని అంచు పదునెక్కితే తీగను కోసేస్తుంది. 600 నంబరు సన్న గరుకు కాగితంతో అంచును తేలిగ్గా రుద్దితే చాలు. గట్టిగా అరగదీస్తే తీగ ఎత్తు మారిపోతుంది.

నట్‌ దగ్గర: మెడ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ ఇది. శ్రుతి చేసేటప్పుడు ‘టిక్‌.. టిక్‌’ మని చప్పుడొస్తే తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. పెన్సిల్‌ ములుకుతో ఆ గాడిలో గీస్తే ఆ నల్లటి పొడికి తీగ సాఫీగా జారుతుంది.

మర దగ్గర: తీగను ఒకదానిపై ఒకటి ఎడాపెడా చుట్టినా, మడతపడినా అక్కడే తెగుతుంది. రెండు మూడు చుట్లు పక్కపక్కనే కిందికి దిగేలా చుట్టాలి.

మధ్యలో: మందపాటి పిక్‌తో బాదడం, తుప్పు, అరిగిన మెట్లు ఇందుకు కారణాలు.

ఉప్పు ఊరుకోదు

బరంపురానికి గోపాల్‌పూర్‌ సముద్రం ఎంతో దూరం లేదు. యానాం, చెన్నైలలోనూ ఇదే ఉప్పుగాలి. దానికి చేతి చెమట తోడైతే ఉక్కు తీగ తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు. తుప్పు తిన్న చోట తీగ సన్నబడుతుంది. అక్కడే పుటుక్కుమంటుంది.

అందుకే వాయించే ముందు చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. వాయించాక పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగనూ పైనే కాదు, కింద వైపు కూడా తుడవాలి. మురికి చేరేది అక్కడే. గిటార్‌ను గోడకు తగిలించకుండా పెట్టెలో ఉంచి, సిలికా జెల్‌ పొట్లాలు రెండు పడేస్తే తేమ తగ్గుతుంది. పైపూత ఉన్న తీగలు ఖరీదెక్కువే అయినా, చెమట ఎక్కువగా పట్టేవారికి అవే గిట్టుబాటు. మెరుపు కోసం కొబ్బరినూనె రాస్తే మాత్రం దుమ్ము అంటుకుని నాదం మొద్దుబారుతుంది.

శ్రుతి పెంచితే చిక్కే

అకౌస్టిక్‌ గిటార్‌కు సన్నరకం తీగలు వేసినా, ఆరూ కలిపి లాగే బలం సుమారు 70 కిలోలు. గాయని శ్రుతి పెంచమందని అన్ని తీగలనూ రెండు మెట్ల మేర బిగిస్తే ఆ బలం దాదాపు పాతిక శాతం పెరుగుతుంది. అలా బిగించే బదులు కాపో తగిలిస్తే పనైపోతుంది. రోజూ రాత్రి తీగలు వదులు చేసి, పొద్దున్నే బిగించే అలవాటూ మంచిది కాదు. అటూ ఇటూ తిప్పితే ఇనుప తీగైనా అలిసిపోతుంది. నైలాన్‌ తీగల గిటార్‌కు ఉక్కు తీగలు అసలు వేయకూడదు. బ్రిడ్జే ఊడి రావచ్చు.

ఎప్పుడు మార్చాలి?

తీగ కింద వేలితో తడిమితే గరుకుగా తగలడం, నల్లబడటం, శ్రుతి నిలవకపోవడం.. ఇవీ గుర్తులు. తెగేదాకా ఆగకుండా సెట్టంతా మార్చేయడం మేలు. ప్రోగ్రాం రోజున కాకుండా ముందురోజే మారిస్తే తీగలు సాగి కుదురుకుంటాయి. బిగించేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, తెగిన తీగ కంటికి తగిలే ప్రమాదముంది.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో ఒక రోజు తీగ తెగక మానదు. అందుకే పెట్టెలో ఒకటి, రెండు, మూడు నంబర్ల తీగలు అదనంగా ఉండాలి. తెగినదాన్ని పారేసే ముందు ఎక్కడ తెగిందో ఒక్కసారి చూసుకుంటే, రెండోసారి అక్కడ తెగకుండా చేయొచ్చు.