క్రైస్తవ బాలల గూఢలిపి వినోదములు – తెలుగు అక్షరముల యుక్తి

పెద్దలకు తెలియని మాట తమకు తెలిసియుండుట బాలలకు గొప్ప పండుగ. ఈ మర్మమెరిగియే క్రైస్తవ బాలలకై ఇంగ్లీషున పుస్తకములు కూర్చువారు వానిని గూఢాక్షరములతోను, చిక్కుదారులతోను, పద వినోదములతోను, నవ్వు పుట్టించు చిన్న కథలతోను నింపుచుందురు. తెలుగునాట గాని, పొరుగు రాష్ట్రములందలి తెలుగు సంఘముల సండే స్కూళ్ళలో గాని వీనిని వాడబూనినవారు సాధారణముగా బొమ్మలనట్లే యుంచి మాటలను మాత్రము తెలుగు చేయుదురు. చిక్కు అచ్చటనే మొదలగును.

ఇంగ్లీషు అక్షరములు 26. మొదటి దానికి 1, కడపటి దానికి 26 అని అంకెలు వేసినచో గూఢలిపి సిద్ధము. తెలుగు లిపికి ఈ సౌలభ్యము లేదు. 'క్రీస్తు' అను పదమున కంటికి కనబడునవి రెండే అక్షరములు. విడదీసినచో క, ర, ఈ, స, త, ఉ అని ఆరు వర్ణములు తేలును. ఆరంకెలను కూర్చి రెండక్షరములు చదువుటకు పదేండ్ల బిడ్డ విసుగు చెందుననుటలో వింత లేదు. హన్నా అను స్త్రీ పేరు ఇంగ్లీషున ఎటునుండి చదివినను ఒక్కటే యగుటచే ఆ పుస్తకములలో తరచుగా కనబడును. తెలుగున ఆ చమత్కారము నిలువదు. మనకు ఆ పని 'వికటకవి' చేసిపెట్టును. కావున అనువదింపవలసినది ఆటను కాదు, ఆట వెనుకనున్న యుక్తిని.

ఆ యుక్తి బైబిలునకు క్రొత్తది కాదు. యిర్మీయా గ్రంథము 25వ అధ్యాయమున 'షేషకు' అను దేశపు రాజు ప్రస్తావన కలదు. అట్టి దేశము పటములలో నెచ్చటను లేదు. హెబ్రీ అక్షరములు 22. మొదటి దానికి బదులు కడపటిది, రెండవ దానికి బదులు 21వది, ఈ తీరున తలక్రిందులుగా మార్చి వ్రాయు పద్ధతికి 'అత్‌బాష్' అని పేరు. 'బాబెల్' అను మాటలో హల్లులు బ, బ, ల. బకారము రెండవది, దానికి బదులు 21వదియైన షకారము. లకారము 12వది, దానికి బదులు 11వదియైన కకారము. బ-బ-ల ఈ విధముగా ష-ష-క యైనది. షేషకనగా బబులోనే! 51వ అధ్యాయము మొదట కల్దీయుల దేశపు పేరును ఇట్లే 'లేబ్ కామాయ్' అను రూపమున మరుగుపరచబడినది. ఇది శత్రుభయముచే చేసిన మరుగని కొందరందురు. కాని అదే అధ్యాయము 41వ వచనమున షేషకు, బబులోను అను రెండు పేరులును ప్రక్కప్రక్కనే యున్నవి. దాచదలచినవాడు తాళము ప్రక్కనే తాళపుచెవిని వ్రేలాడదీయడు గదా! ప్రవక్త వచనములందును అక్షరక్రీడకు చోటు కలదనుటయే యుక్తము.

119వ కీర్తన మరియొక తీరు. ఒక్కొక్క హెబ్రీ అక్షరమునకు ఎనిమిదేసి వచనముల చొప్పున 22 అక్షరములకు 176 వచనములు. తెలుగు బైబిలున ఆయా ఖండములపై ఆలెఫ్, బేత్ అని అచ్చువేసిన గుర్తులు దీని చిహ్నములే. అవి యేమియో తెలియకయే చాలమంది దాటిపోవుదురు.

ఇక సమ్సోను విందులో వేసిన పొడుపు కథ (న్యాయాధిపతులు 14). పందెము 30 నారబట్టలు, 30 దుస్తులు. గడువు ఏడు దినములు. సింహపు కళేబరమున తేనె యుండుట సమ్సోను తప్ప మరియెవరును చూచినది కాదు. పొడుపు కథల న్యాయము ప్రకారము ఇది మోసమే! విప్పువాని కెరుకలో లేనిదానిని పొడుచువాడు అడుగరాదు. బాలలకు చెప్పునపుడు ఈ లోపమును వారిచేతనే పట్టించి, పిమ్మట న్యాయమైన దానిని వేయవచ్చును. 'నావ కాదు, నీటిలో పోవును; సత్రము కాదు, మూడు దినములు బస యిచ్చును' అనిన యెడల యోనా కథ విన్న ప్రతి బిడ్డయు చేప యని చెప్పగలడు.

చేప యనగానే స్ఫురించునది ఆదిమ క్రైస్తవుల చిహ్నము. గ్రీకున చేపకు 'ఇఖ్థూస్' అని పేరు. అందలి ఐదక్షరములు యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు అను ఐదు గ్రీకు మాటల మొదటి అక్షరములు. క్రైస్తవులొకరినొకరు గుర్తించుటకు ఇసుకపై చెరిసగము చేపను గీసిరని చెప్పు కథకు ప్రాచీన సాక్ష్యము లేదు. అక్షరముల చమత్కారము మాత్రము నిజము. దీనిని తెలుగు చేసినచో యే, క్రీ, దే, కు, ర అని మిగులును. అది చేపయును కాదు, రొయ్యయును కాదు.

అయినను తెలుగు చేపకు వేరొక మర్మము కలదు. దానిని తెరచు తాళపుచెవి కటపయాది సంఖ్య. కకారము మొదలు ఝకారము వరకు 1 నుండి 9, ఞకారమునకు సున్న. టకారము మొదలు ధకారము వరకు 1 నుండి 9, నకారమునకు సున్న. ప నుండి మ వరకు 1 నుండి 5. య నుండి హ వరకు 1 నుండి 8. అచ్చు విడిగా వచ్చినచో సున్న. గుణింతమునకు విలువ లేదు, సంయుక్తాక్షరమున కడపటి హల్లే లెక్క. అంకెలను కుడినుండి యెడమకు చదువవలెను. సంగీత విద్వాంసులు 72 మేళకర్తల వరుసను గుర్తించునది దీనితోనే: ధీరశంకరాభరణమున ధీ 9, ర 2, త్రిప్పగా 29వ మేళము.

ఇప్పుడు 'చేపలు' అను మాటను చూడుడు. చ 6, ప 1, ల 3. కుడినుండి చదివిన 3, 1, 6. యోహాను సువార్త 3వ అధ్యాయము 16వ వచనము! సండే స్కూలు బిడ్డ మొట్టమొదట కంఠస్థము చేయు వచనములలో నిది యొకటి. 'గిరి' యనిన 23, కాపరి కీర్తన. 'పరుపు' అనిన 121, కునుకక నిద్రపోక కాపాడువానిని గూర్చిన కీర్తన! పరుపు చూపి నిద్రింపని దేవుని కీర్తనను వెదకుమనిన, నవ్వని బిడ్డ యుండునా? ఇవి కాకతాళీయములే గాని శాస్త్రములు కావు. వీనియందు దైవరహస్యములను వెదకుట పెద్దల పొరపాటు కాగలదు. పిల్లలు మాత్రము ఆట యని యెరిగియే ఆడుదురు.

మాటలను మరుగుపరచుటకు తగిన దారియు మనకు పూర్వులు వేసినదే. గూఢభాషణమగు మ్లేచ్ఛితవికల్పము 64 కళలలో నొకటి. కామసూత్రములకు యశోధరుడు వ్రాసిన జయమంగళ వ్యాఖ్యయందు మూలదేవీయమను పద్ధతి వివరింపబడినది. వర్గములను జతలుగా తారుమారు చేయుట దాని ప్రధాన సూత్రము. బాలలకై దానిని ఇట్లు కుదింపవచ్చును: చవర్గమునకు టవర్గమును, తవర్గమునకు పవర్గమును వరుసగా మార్చవలెను. యకు శ, రకు ష, లకు స, వకు హ జతలు. జతలో నేది వచ్చినను రెండవది వ్రాయవలెను. కవర్గమును, ళకారమును, అచ్చులను కదలింపరాదు. గుణింతపు గుర్తులు ఉన్నచోటనే యుండును. వత్తుగా నున్న హల్లు మారును గాని దాని స్థానము మారదు.

ఈ లెక్కన దావీదు 'బాహీబు' అగును. మోషే 'నోరే' అగును. తాను నోటి మాంద్యము గలవాడనని మొరపెట్టుకొన్నవానికి గూఢలిపి నోటినే బహుమానమిచ్చినది! లోతు 'సోపు' అగును. భార్య ఉప్పుస్తంభమైనది, భర్త సోపు గింజలైనాడు. వంటింటి సరకులు సగము సమకూరినవని బాలలు నవ్వుకొనుటకు ఇంతకన్న కావలసినదేమి?

తెలుగునాటికి వెలుపల ఈ యాటకు మరియొక ప్రయోజనము కలదు. తమిళనాట 2006 నాటి చట్టము 2006-07 విద్యాసంవత్సరము నుండి ఒకటవ తరగతి మొదలు తమిళమును తప్పనిసరి చేసినది. ఇంట తెలుగు మాటలాడుచు బడిలో వేరు లిపి నేర్చు బిడ్డకు తెలుగక్షరము కనబడు చోట్లు కొన్నియే. ప్రార్థనా మందిరమందలి కీర్తనల పుస్తకము వానిలో నొకటి. తమిళ లిపియందు త, థ, ద, ధలకు ఒకే అక్షరము. ఆ యలవాటున దావీదును 'తావీతు' అని వ్రాసిన బిడ్డ గూఢలిపిలో 'పాహీపు' అని పంపును. అందుకొన్న స్నేహితుడు విప్పి, ఈ తావీతు ఎవడని అడుగును. మహారాష్ట్రమున షోలాపురము, ముంబాయిలయందలి బాలలు మరాఠీలో యేసు నామమును శకారముతో విందురు. 'యేసు' అనిన 'శేలు' కావలెను. 'యేశు' అని వ్రాసినచో 'శేయు' అగును. ఒడిశాలో శ, ష, స మూడును వాడుకలో సకారముగనే వినబడును. ఈ లిపిలో అవి య, ర, ల అని మూడు దారులు పట్టును. తప్పు పట్టువాడు ఉపాధ్యాయుడు కాడు, ఆటలోని తోడు. ఎర్రసిరా గుర్తుకన్న ఇది వేయిరెట్లు మేలు. కన్నడదేశపు బిడ్డకు ఈ బాధ తక్కువ. అక్షరమాల దాదాపు ఒక్కటే.

ఒక్క హల్లు ఎంత పని చేయగలదో న్యాయాధిపతులు 12వ అధ్యాయము చెప్పును. యొర్దాను రేవుల యొద్ద 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అనిన ఎఫ్రాయిమీయులను గిలాదువారు పట్టి చంపిరి. ఆ కాలమున కూలినవారు 42,000 మంది. ఇది నవ్వు కథ కాదు. అయినను శ, ష, సల ఆట ఆడిన బాలలకు దీనిని చెప్పినచో రేవు యొద్ద నిలిచినవాని భయము వారికి తెలియును.

లిపి రాని పసివారికి క-భాష యుండనే యున్నది. ప్రతి యక్షరమునకు ముందు కకారము చేర్చి 'కనుకవ్వు కరా' అనిన చాలును. దీనికి కాగితము వలదు, కలము వలదు. అమ్మమ్మకు తెలియుననుటయే దీని లోపము.

లిపి వచ్చినవారికి నాలుగు పేరులు: తేపుషు, శోమా, షూపు, లొసొనోము. ఇందొకరిని చేప మ్రింగినది, ఒకరు చేపలు పట్టెను, ఒకతె పొలమున పరిగె యేరుకొన్నది, ఒకడు ఆలయము కట్టెను. ఎవరెవరో తేల్చుట ఇంటనున్న బాలల పని.