పానుగంటి, సైదులు, పెంటయ్య: దక్షిణ తెలంగాణ పేర్ల వెనుక

తెలుగువారి ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్ల నుంచి పుట్టినవే అయినా, ఊరి పేరు ఇంటిపేరుగా స్థిరపడేటప్పుడు దాని చివరి అక్షరాలు మారిపోవడం వల్ల మూలగ్రామం ఏదో వెంటనే స్ఫురించదు. ఔపవిభక్తికాలని వ్యాకరణం పిలిచే ఇ, టి, తి వర్ణాల్లో ‘టి’ చేరి ఇల్లు ‘ఇంటి’గా, ముల్లు ‘ముంటి’గా మారినట్లే, ఓరుగల్లు ‘ఓరుగంటి’ అయింది, పానుగల్లు ‘పానుగంటి’ అయింది. నల్లగొండను ఆనుకుని ఉన్న ఈ పానుగల్లు లేదా పానగల్లు 11, 12 శతాబ్దాల్లో కందూరు చోడుల ఏలుబడిలో రాజధానిగా వెలిగిన ఊరు. అక్కడి ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వర ఆలయాలూ, ఉదయ చోడుని పేరు మోస్తున్న ఉదయసముద్రం చెరువూ నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్ మరొకటి ఉంది కనుక, ఇంటిపేరు ఒక్కటే చూసి ఫలానా కుటుంబం ఫలానా ఊరి నుంచే వలస వెళ్లిందని తేల్చడం తొందరపాటే అవుతుంది.

ఆ పేరు మాత్రం చాలా దూరం వెళ్లింది. ‘సాక్షి’ వ్యాసాలతో ప్రసిద్ధులైన పానుగంటి లక్ష్మీనరసింహారావు గోదావరి ప్రాంతంవారు. 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్న పానగంటి రామారాయణింగారు కాళహస్తిలో పుట్టి పానగల్ రాజాగా పేరు పొందగా, చెన్నై త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు ఆయన పేరిట వెలసింది. వంశనామాన్ని ముందు చెప్పి సొంత పేరును తర్వాత చెప్పే పద్ధతి తెలుగువారితో పాటు చైనీయులకూ హంగరీవారికీ ఉంది. ఐస్‌లాండ్‌లో అధికసంఖ్యాకులకు వంశనామమే లేదు, తండ్రి పేరుకు కొడుకు, కూతురు అనే అర్థమిచ్చే మాట చేరిస్తే సరిపోతుంది. టర్కీలోనైతే 1934లో చట్టం చేసి మరీ ప్రజలచేత వంశనామాలు పెట్టించారు.

సొంత పేర్ల విషయంలో తాత పేరు మనవడికి పెట్టడం పాత ఆచారం. తొలి కాకతీయుల వరుసలో బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు కనిపించడానికి కారణం అదే. ఈ ఆచారం రాజులకే పరిమితం కాలేదు. మామ పేరు కోడలు పలకకూడదన్న కట్టడి ఉన్న ఇళ్లలో, ఆ పేరే పెట్టుకున్న కన్నకొడుకును తల్లి పెద్దోడా, చిన్నోడా అని పిలుచుకోవలసి వచ్చేది.

మొక్కుబడి పేర్లు దక్షిణ తెలంగాణ భక్తికి పటం గీసి చూపిస్తాయి. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంటే యాదయ్య, యాదమ్మ, యాదగిరి పుట్టారు. పాలమూరు వైపు కురుమూర్తి స్వామి పేరిట కుర్మయ్యలున్నారు. వీటన్నిటికంటే విశేషమైనది సైదులు అనే పేరు. పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందూ కుటుంబాలు కొడుక్కి సైదులు అని, కూతురికి సైదమ్మ అని పేరు పెట్టడం ఈ ప్రాంతంలో ఎవరికీ వింతగా తోచదు. మతసామరస్యం గురించి చేసే ఎన్ని ప్రసంగాలైనా ఈ ఒక్క పేరుకు సాటి రావు.

ఇక పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, బిచ్చయ్య అనే పేర్లు విని నవ్వేవారికి వాటి వెనుక ఉన్న దుఃఖం తెలియదు. పుట్టిన పిల్లలు పుట్టినట్లే పోతుంటే, తర్వాతి బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచేవారు; అది ఎవరూ కోరని బిడ్డ అని మృత్యువును నమ్మించాలని ఆ తల్లి ఆరాటం. ఇరుగుపొరుగు ఆడమనిషి ఆ బిడ్డను ఎత్తుకుంటే, కన్నతల్లే పిడికెడు తవుడో నూకలో ఇచ్చి కొనుక్కునేది; ఉత్తరాంధ్రలో వినిపించే తవిటయ్య, తవుడు అనే పేర్లు అలా కొనుక్కున్నందుకు గుర్తు. బిచ్చమెత్తిన గింజలతో బతికించుకున్న బిడ్డ బిచ్చయ్య. పసిపిల్లలకు నీచమైన ముద్దుపేర్లు పెట్టి కాపాడుకోవడం చైనాలోనూ ఉంది. నైజీరియాలోని యోరుబా ప్రజలు మళ్లీ మళ్లీ పుట్టి చనిపోతాడని భయపడే బిడ్డకు, గొయ్యి తవ్వడానికి పార లేదనే అర్థంలో కొసోకో అని పేరు పెట్టేవారు. 19వ శతాబ్దంలో లాగోస్‌ను ఏలిన ఒక రాజు పేరు కూడా కొసోకోయే. తెలుగు పల్లెలోనైనా లాగోస్‌లోనైనా తల్లులు పేరునే బిడ్డకు కవచంగా తొడిగారు.

టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చి పసికందుల మరణాలు తగ్గాక ఇలాంటి పేర్ల అవసరం తీరిపోవడం సంతోషించవలసిన విషయమే, బడిలో ఎగతాళి భరించలేక పేరు మార్చుకున్నవారిని తప్పుపట్టవలసిన పని కూడా లేదు. కానీ శాసనం వేయించగల స్తోమత లేని కుటుంబాల చరిత్రకు ఈ పేర్లే ఆధారం. ఏటా పట్టాదారు, పంట వివరాలు రాసిన పాత పహాణీల్లో, పాత ఓటర్ల జాబితాల్లో తండ్రి పేరుతో సహా అవి ఇంకా ఉన్నాయి; ఊరి పెద్దలు బతికి ఉండగానే వారి దగ్గర కూర్చుని, ఏ పేరు ఏ మొక్కుకు, ఏ ఆపదకు పెట్టారో ఊరివారీగా రాయించి పెట్టుకునే పని మాత్రం ఆలస్యమవుతోంది.