మండీ ఒక్కటేనా? సౌదీ వంటింట్లోకి తొంగి చూద్దాం!

ఆ మధ్య విజిట్ వీసా మీద మా ఇంటికి వచ్చిన మామయ్యగారు ఒక ప్రశ్న వేశారు. "ఇన్నేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నారు కదా, ఈ దేశం వాళ్ళు ఇంట్లో ఏం వండుకుంటారు?" మండీ, షవర్మా, బ్రోస్ట్ అని మేము గడగడా చెప్పేశాం. తర్వాత ఆలోచిస్తే మాకే నవ్వొచ్చింది. మండీ పుట్టిల్లు యెమెన్‌లోని హద్రమౌత్. షవర్మా సిరియా, లెబనాన్‌ల వైపు నుంచి వచ్చింది. బ్రోస్ట్ అమెరికా పద్ధతి. మూడింటిలో ఒక్కటీ సౌదీలో పుట్టినది కాదు!

మన పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి కాగానే ఈ దేశం వదిలి వెళ్ళిపోతారు. రేపు కాలేజీలో ఎవరైనా "సౌదీలో ఏం తినేవారు?" అని అడిగితే మాల్‌లో బర్గర్ అని చెప్పాల్సి రాకూడదు కదా! అందుకే మేము సెలవుల్లో ఎక్కడికి వెళ్ళినా ఆ ఊరి వంట ఒక్కటైనా రుచి చూడాలని నియమం పెట్టుకున్నాం. అలా తెలుసుకున్న వాటిని ఇక్కడ పంచుకుంటున్నాం.

ముందుగా జరీష్. 2023 జనవరిలో సౌదీ పాకకళల కమిషన్ దీనిని జాతీయ వంటకంగా ప్రకటించింది. ముతకగా విసిరిన గోధుమ రవ్వను మజ్జిగ, మాంసం ఉడికించిన నీళ్ళతో సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. వరి పండని నజ్ద్ ఎడారిలో ఇంటింటా ఉండేది గోధుమే మరి. దీనికి దగ్గరి చుట్టం హరీస్. గోధుమలు, మాంసం మెత్తగా కలిసిపోయేదాకా ఉడికించే వంట. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన హద్రమౌత్ అరబ్బులు హైదరాబాద్‌లో బార్కస్ ప్రాంతంలో స్థిరపడ్డారు. హరీస్ అక్కడ మన మసాలాలు కలుపుకుని హలీం అయింది. ఆ హలీంకే 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఈ వంటింటితో మనకు చుట్టరికం పాతదేనన్నమాట!

రియాద్ వైపు మరో వంట మర్గూగ్. పల్చగా వత్తిన గోధుమ పిండి ముక్కలను కూరగాయలు, మాంసం ఉడుకుతున్న పులుసులోనే వేస్తారు. ఉత్తరాన ఖసీం వెళ్తే క్లేజా తప్పకుండా కొనండి. ఖర్జూరం వంటి తీపి పూర్ణం పెట్టి, యాలకుల వాసనతో కాల్చిన గుండ్రటి బిస్కట్టు. మన కజ్జికాయలాగే దారి ప్రయాణానికి నాలుగు రోజులు నిలవ ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే హాయిల్. అక్కడి చలికాలపు పలహారం మగ్‌షూష్. చిన్న చిన్న గోధుమ అట్ల మీద నెయ్యి, తేనె లేదా ఖర్జూర పాకం పోసి ఇస్తారు. 2023లో జాతీయ మిఠాయి హోదా దీనికే వచ్చింది.

పడమట తాయిఫ్, మక్కా వైపు సలీగ్ ప్రసిద్ధి. బియ్యాన్ని కోడి ఉడికించిన నీళ్ళలో మెత్తగా వండి, పాలు పోస్తారు. చూడటానికి పాలన్నంలా తెల్లగా ఉంటుంది. కారం లేదని పిల్లలు మూతి ముడిస్తే పక్కన దగ్గూస్ అనే టమాటా మిరపకాయల పచ్చడి ఉండనే ఉంది! తూర్పున అల్ అహ్సా ఒయాసిస్‌లో ఎర్రటి హసావీ బియ్యం పండుతుంది. ఎడారి దేశంలో వరిమడి చూడటం గోదావరి జిల్లాల వాళ్ళకు పండగే. ఈ ఒయాసిస్ 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

దక్షిణాన అసీర్ కొండల్లో అరీకా, జీజాన్‌లో మర్సా దొరుకుతాయి. అరీకా అంటే గోధుమ రొట్టెను వేడి మీద పిసికి, మధ్యలో గుంట చేసి నెయ్యి, తేనె పోయడం. మర్సాలో అరటిపండు కూడా కలుపుతారు. ఇది తిన్న మా తెలంగాణ మిత్రులు "ఇది మన బతుకమ్మ మలీదే!" అన్నారు. బెల్లం బదులు తేనె, అంతే తేడా.

శాకాహారులకు ఒక మాట. జరీష్, సలీగ్ పైకి మాంసం కనబడకపోయినా సాధారణంగా మాంసపు నీళ్ళతోనే వండుతారు. "బిదూన్ లహమ్" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, "బిదూన్ మరగ్" (మాంసపు రసం లేకుండా) అని కూడా అడగాలి. క్లేజా, మగ్‌షూష్, అరీకా, మర్సాలలో మాంసం ఉండదు.

ఎవరైనా సౌదీ మిత్రులు భోజనానికి పిలిస్తే ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుంటారు. కుడి చేత్తో, మన ముందున్న భాగం నుంచే తినాలి. గహ్వా చిన్న గిన్నెలో కొద్దిగానే పోస్తారు, ఖాళీ అయితే మళ్ళీ నింపుతారు. చాలనుకుంటే గిన్నెను కొద్దిగా ఊపి ఇవ్వాలి. ఇది తెలియక మేము మొదటిసారి ఏడెనిమిది గిన్నెలు తాగేశాం!

ప్రయాణం కుదరని వాళ్ళు ఇంట్లోనే శాకాహార జరీష్ చేసుకోవచ్చు. ఒక కప్పు ముతక గోధుమ రవ్వ గంటసేపు నానబెట్టి, నాలుగు కప్పుల నీళ్ళలో మెత్తగా ఉడికించండి. సెగ తగ్గించి, ఒక కప్పు లబన్ కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతూ ఉండండి, లేకపోతే విరిగిపోతుంది. ఉప్పు, జీలకర్ర పొడి, మిరియాల పొడి వేసి, నేతిలో వేయించిన ఉల్లిపాయలతో దించండి.

మామయ్యగారు తిరిగి వెళ్ళేముందు ఆయనకు ఇదే వండి పెట్టాం. రెండు ముద్దలు తిని, "ఉప్పుడు పిండి, మజ్జిగ పులుసు పెళ్ళి చేసుకున్నట్టుంది" అన్నారు. పిల్లలు ఈసారి ఇది ఏ ఊరిదో, ఎందుకు గోధుమతో చేస్తారో ఆయనకు వివరించి చెప్పారు. మా నియమానికి అంతకన్నా ఫలితం ఏం కావాలి!