ఉక్కపోత రోజులలో కావలి కుక్క సంరక్షణ

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల మాట. ఆ ఎండలు ముదురులోగా పశువుల కొట్టమును తాటాకుతో కప్పించుట, తొట్లలో నీరు నిండుగా ఉండునట్లు చూచుట రైతులందరికి అలవాటే. కాని ఆ కొట్టము వాకిట గొలుసుతో కట్టియున్న కుక్కను గురించి ఆలోచించువారు తక్కువ. రాత్రివేళ కల్లమును, మోటారును, కోళ్ళగూటిని కాచునది అదియే. ఎట్టి కష్టమునైనను ఓర్చుకొను జంతువని దానిని వదలివేయుదుము. వేడిని మాత్రము అది మనకంటె తక్కువగా ఓర్చుకొనును. గాలి స్తంభించి ఉక్కపోయు రోజులలో, ఉదయము హాయిగా తిరిగిన కుక్క సాయంత్రమునకు చనిపోవచ్చును. ఇట్టి చావును చాలవరకు తప్పింపవచ్చును. దానికి కావలసినవి నీడ, నీరు, గాలి. ఈ మూడింటిని ఎట్లు సమకూర్చవలెనో తెలియుటకు ముందు కుక్క శరీరము ఎట్లు చల్లబడునో తెలిసికొనవలెను.

కుక్క ఎందుకు రొప్పును?

మనకు ఒళ్ళంతయు చెమట పోయును. ఆ చెమట ఆరునపుడు ఒంటిలోని వేడిని తీసికొనిపోవును. కుక్కకు చెమట ముఖ్యముగా అరికాళ్ళలోనే, అదియు కొద్దిగా మాత్రమే పట్టును. కావున అది నోరు తెరచి, నాలుక వ్రేలాడవేసి రొప్పును. రొప్పునపుడు నిమిషమునకు 200 సార్లకు పైగా ఊపిరి తీయును. ఆ గాలికి నాలుక, నోరు, ముక్కు లోపలి తడి ఆరి, అచ్చట ప్రవహించు రక్తము చల్లబడును. మట్టి కూజాలోని నీరు చల్లబడుటయు ఇట్లే.

అయితే ముసురు పట్టిన నాడు కూజా నీరు చల్లబడదు. గాలిలో అప్పటికే తేమ నిండియుండుటచే తడి ఆరదు. కుక్క విషయమును ఇంతే. అనంతపురము పొడి ఎండలో 104 డిగ్రీల ఫారెన్‌హీటు వేడిని నీడలో పడుకొని తట్టుకొనగల కుక్క, మచిలీపట్నము ఉక్కలో 97 డిగ్రీలకే బాధపడవచ్చును. పైగా రొప్పుటయు కండరములు చేయు పనియే కనుక దానివలన కొంత వేడి పుట్టును. చల్లబడలేని కుక్క మరింత రొప్పి మరింత వేడెక్కును. కావున ఎండ తీవ్రతను మాత్రమే చూచి మోసపోరాదు. నీడలో ఆరవేసిన తడిబట్ట చప్పున ఆరకున్నచో, ఆ రోజు మబ్బుగా ఉన్నను కుక్కకు గడ్డురోజేనని గ్రహింపవలెను.

నీడ, గాలి

రేకుల కప్పు క్రింద కుక్కను కట్టరాదు. వేప, కానుగ వంటి చెట్ల నీడ అన్నిటికంటె మేలు. నాలుగు వైపుల గాలి ఆడు తాటాకు పాకయు మంచిదే. ఉదయము నీడ ఉన్నచోట మధ్యాహ్నము ఎండ పడును. గొలుసు చెట్టుకు చుట్టుకొని కురుచయగును. కావున పగలు ఒకటి రెండు సార్లు చూచి కట్టు మార్చవలెను. దడి ఉన్న దొడ్డిలో కట్టక వదలినచో అది చల్లని చోటు తానే వెదకికొనును. పడుకొనుచోట నేలను తడిపి ఉంచిన మంచిది.

గోనెపట్టాలు తడిపి చుట్టును వ్రేలాడదీయుట కొందరి అలవాటు. పొడిగాలి వీచు మెట్ట ప్రాంతములలో ఇవి వట్టివేళ్ళ తడికలవలె చల్లదనమునిచ్చును. కోస్తా ఉక్కలో ఇవి పాకలోని తేమను పెంచి, వచ్చు గాలిని కూడ అడ్డగించును. అచ్చట పట్టాలు తొలగించి గాలి ఆడనిచ్చుటయే మేలు.

నీరు

20 కిలోల కుక్కకు మామూలు రోజులలో సుమారు లీటరు నీరు కావలెను. వేసవిలో దీనికి రెండింతలైనను పట్టవచ్చును. మట్టి గోలెమును నీడలో సగమువరకు పాతిపెట్టినచో నీరు చల్లగా ఉండును, కుక్క దొర్లింపజాలదు. రోజూ కడిగి నింపవలెను. గొలుసు అందుచోటనే గోలెము ఉన్నదో లేదో చూచుకొనవలెను.

ఉక్క ఎక్కువైనపుడు కుక్కను తడుపవలెను. వీపుపై చల్లి వదలరాదు. పొట్ట, చంకలు, తొడల సందులు, పాదములు తడియవలెను. బొచ్చు కుక్క అయినచో నీరు చర్మమువరకు దిగవలెను. తడిపిన పిమ్మట దానిని గాలి వచ్చుచోట, వీలైన ఫ్యానువద్ద ఉంచవలెను. గాలి లేనిచో తడి ఆరదు. తడి ఆరనిచో చల్లదనము నిలువదు. బొచ్చును చర్మము కనబడునట్లు గొరిగింపరాదు. అది ఎండకు అడ్డు. దువ్వి, ఊడిన బొచ్చును తీసివేసిన చాలును.

పని, తిండి

కుక్కను ఉదయము 8 గంటలలోపున, మరల ప్రొద్దు గ్రుంకిన పిదప మాత్రమే వెంట త్రిప్పవలెను. మోటారు సైకిలు వెనుకగాని, మందవెంటగాని పరుగెత్తు కుక్క అలసినను తనంతట ఆగదు, యజమానియే ఆపవలెను. రోడ్డుపై చేతి వెనుకభాగమును 5 సెకండ్లు ఆనింపజాలకున్నచో ఆ నేల దాని పాదములను కాల్చును. తలుపులు మూసిన కారులో దానిని కొద్దిసేపైనను విడువరాదు. నోరు తెరువనీయని చిక్కము కట్టిన కుక్క రొప్పలేదు. వేసవి పగటివేళ అట్టిది కట్టరాదు. తిండి చల్లని వేళలలో పెట్టవలెను. ముసలివి, బాగుగా బలిసినవి, పగ్ వంటి చప్పిడి ముక్కువి అందరికంటె ముందు వడదెబ్బకు గురియగును.

వడదెబ్బ తగిలినచో

ఆరోగ్యముగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 మొదలు 102.5 డిగ్రీలు. 104 దాటిన ప్రమాద సూచన. 106కు చేరిన ప్రాణాపాయము. ఎడతెగని రొప్పు, చిక్కని చొంగ, మిక్కిలి ఎర్రబడిన చిగుళ్ళు, తూలుట, వాంతులు, పడిపోవుట దీని గుర్తులు.

వెంటనే నీడకు చేర్చి, బావి నీరుగాని కుళాయి నీరుగాని ఒళ్ళంతయు ధారాళముగా పోయుచు విసరవలెను. వైద్యుని వద్దకు తీసికొనిపోవుటకు ముందే ఈ పని మొదలుపెట్టవలెను, దారిలోను మానరాదు. తడిగుడ్డ కప్పి వదలరాదు. కొంతసేపటికి ఆ గుడ్డయే వేడెక్కి ఒంటి వేడిని లోపల నిలుపును. స్పృహ లేని కుక్క నోటిలో నీరు పోయరాదు. మనుష్యుల జ్వరపు మాత్రలు వేయరాదు. వడదెబ్బకు ఉల్లిపాయ వాడుట మనలో అలవాటు కాని, కుక్కకు ఉల్లి తినిపింపరాదు. అది రక్తములోని ఎర్రకణములను చెరచును. వేడి 103కు దిగినపిమ్మట నీరు పోయుట ఆపవలెను. కుక్క లేచి తిరిగినను పశువైద్యునికి చూపవలెను. మూత్రపిండములకు, కాలేయమునకు కలిగిన హాని ఒకటి రెండు రోజుల పిదప బయటపడవచ్చును.

పిచ్చి అని తొందరపడరాదు

చొంగ కార్చుచు తూలు కుక్కను చూచి పిచ్చికుక్కయని కొట్టి చంపుట పల్లెలలో జరుగుచుండును. వడదెబ్బ తగిలిన కుక్కయు అట్లే చొంగ కార్చును, అట్లే తూలును. అది ఆ పూట ఎండలో కట్టియుండెనా, పరుగెత్తెనా, ఒళ్ళు కాలుచున్నదా అని విచారింపవలెను. అట్లని ఏమరియుండరాదు. ఏమియు తెలియని కుక్క అయినచో దూరమునుండి నీరు పోసి, పిల్లలను దగ్గరకు రానీయక, పశువైద్యునికి కబురు చేయవలెను. కరచినచో, గాయమును సబ్బుతో ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రిలో టీకా వేయించుకొనవలెను. మీ కుక్కకు ఏటేట పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి ఉన్నచో, అట్టి వేళ మీ భయమును తగ్గును, దాని ప్రాణమునకును రక్ష కలుగును.

ఒక గోలెము, ఒక చెట్టు నీడ, మధ్యాహ్నము రెండు చెంబుల నీరు: దీనికి ఖర్చు లేదు. తడిబట్ట ఆరని రోజున మీ కుక్క ఎచ్చట ఉన్నదో ఒక్కసారి లేచి చూడవలెను.