పైపు ఆనిన చోటే తుప్పు

బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో దొరికే మేలైన ఇనుప ఖనిజంలో అరవై శాతానికి మించి ఇనుమే. 1968 నుంచి కిరండూల్ దగ్గర తవ్వుతున్న ఆ ఖనిజం కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖకు చేరుతోంది. నీళ్లలో కలిపి, 267 కిలోమీటర్ల పైపులైను గుండా కూడా పంపుతున్నారు.

ఈ హెమటైట్ ఖనిజమంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన రాయి. కొలిమిలో ఎంతో బొగ్గు ఖర్చుపెట్టి ఆ ఆక్సిజన్‌ను విడదీస్తే ఇనుము, దాన్నుంచి ఉక్కు చేతికొస్తాయి. తడి తగిలితే చాలు, ఉక్కు ఆ ఆక్సిజన్‌ను మళ్లీ పట్టుకుంటుంది. అదే తుప్పు. ఫ్యాక్టరీల్లో ఆరుబయట సాగే పైపులకు ఈ ముప్పు ఎక్కువగా పొంచి ఉండేది అవి సపోర్టుల మీద ఆనిన చోట.

గుండ్రటి పైపు చదునైన ఉక్కు దూలం మీద కూర్చుంటే రెండూ సన్నని గీతలా తాకుతాయి. ఆ గీతకు రెండు పక్కలా ఇరుకు సందు ఏర్పడుతుంది. అందులో చేరిన వాన నీరు, మంచు తేమ తొందరగా ఆరవు. తడి నేల మీద పెట్టిన ఇనుప బకెట్ అడుగు అంచు ముందుగా తుప్పు పట్టడం ఇందువల్లే. పైగా ఉక్కు పైపు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. వంద మీటర్ల పైపు 30 డిగ్రీలు వేడెక్కితే 36 మిల్లీమీటర్లు! రోజూ సాగుతూ, ముడుచుకుంటూ దూలం మీద రాసుకునేసరికి కింది రంగు అరిగి ఉక్కు బయటపడుతుంది.

ఆ తర్వాత జరిగేది విద్యుత్ రసాయన చర్య. సందు అంచున నీటికి గాలి అందుతుంది, లోపల అందదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న లోపలి ఉక్కే కరిగిపోతుంది. ఒకే నీటి బొట్టు కింద కూడా ఈ తేడా తుప్పు పుట్టిస్తుందని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యు.ఆర్. ఇవాన్స్ 1920లలో చూపించారు. పుట్టిన తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమించి రంగును పైకి లేపుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. బస్తర్‌లో నెలల తరబడి కురిసే వాన, విశాఖలో సముద్రపు ఉప్పుగాలి దీన్ని వేగిరపరుస్తాయి.

నివారణ సూత్రం ఒక్కటే: పైపు ఆనిన చోట నీరు నిలవకూడదు. పైపుకూ దూలానికీ మధ్య అర్ధచంద్రాకారపు గట్టి ప్లాస్టిక్ కడ్డీ పెడితే ఉక్కుకు ఉక్కు తగలదు, నీరు జారిపోతుంది, గాలి ఆడుతుంది. మెత్తగా ఉంటుందని రబ్బరు ముక్క పెడితే దాని కింద తడి చిక్కుకుని హాని పెరుగుతుంది. అరుగుదల ఆపేందుకు ఉక్కు పలక అతికిస్తే చుట్టూ సందు లేకుండా వెల్డింగ్ చేయాలి. అక్కడక్కడా అతికిస్తే లోపలికి నీరు దూరుతుంది. యూ-బోల్టుతో బిగించిన చోటా ఇదే జాగ్రత్త అవసరం.

తనిఖీ కోసం పైపును తొందరపడి పైకెత్తకూడదు. ఆనిన చోట పైపు గోడ పలచబడి ఉంటే, ఎత్తగానే పగిలిపోవచ్చు. పైపు వెంట దూరం ప్రయాణించే అల్ట్రాసోనిక్ తరంగాలతో ముందు అనుమానపు చోట్లు గుర్తించాలి. పీడనం తగ్గించి, మందం లెక్క తేలాకే పైపును కదిలించాలి.

కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27న గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ తుప్పు తిన్నది సపోర్టు దగ్గర కాదు, భూమిలోని పైపును లోపలి నుంచి. అయినా రెండు చోట్లా ముప్పు ఒకటే. పైకి బాగున్న పైపు కనబడని చోట పలచబడుతుంది.

గ్రామంలో నీళ్ల ట్యాంకు స్టాండుకు బిగించిన ఇనుప పైపుకూ ఈ సూత్రం వర్తిస్తుంది. వానాకాలానికి ముందే నీళ్లు ఆపి, క్లాంపు వదులుచేసి, తుప్పు గీకి, ప్రైమరు పూసి, మధ్యలో నీరు నిలవకుండా ప్లాస్టిక్ తొడుగు వేయాలి. ఐటీఐ చదివిన కుర్రాళ్లు చేయగల పనే ఇది. పెద్ద ఫ్యాక్టరీలైతే పైపులు నిలబెట్టే రోజునే ఈ జాగ్రత్త తీసుకోవాలి. కడ్డీ ఖర్చు స్వల్పం. పగిలిన పైపు వల్ల పోయే ప్రాణానికి ఖరీదు కట్టలేం.