ఎముక అతుకుతుంది... చెయ్యి దక్కాలి కదా!

వేసవి సెలవులు మొదలవగానే మా ఎముకల వార్డు పిల్లలతో నిండిపోతుంది. మామిడి చెట్టెక్కి పడినవారు, సైకిలు నేర్చుకుంటూ పడినవారు, గోడ దూకినవారు. వారిలో చాలామంది కొన్ని వారాలకే మళ్లీ ఆటల్లో పడతారు. కాని ఒక ఎనిమిదేళ్ల బాబును మాత్రం మేము మరచిపోలేకపోతున్నాము.

చెట్టు మీద నుంచి పడి ఆ బాబుకు మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. ఇంటివారు ఆ సాయంత్రమే నాటు కట్టు కట్టించారు. వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి గట్టిగా బిగించారు. బాబు రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు. "ఎముక విరిగితే నొప్పి ఉండదా, ఓర్చుకో నాన్నా" అని పెద్దవారు సముదాయించారు. మూడవ రోజు మా దగ్గరకు తెచ్చేసరికి వేళ్లు వాచి, నీలంగా మారి, స్పర్శ లేకుండా ఉన్నాయి. చెయ్యి తీసివేయవలసిన అవసరమైతే రాలేదు. ఎముక కూడా చక్కగా అతుక్కుంది. కాని వేళ్లు ముడుచుకుపోయాయి. ఆ చేత్తో పెన్సిలు పట్టుకోలేడు.

ఎముక అతికినా చెయ్యి ఎందుకు పనికిరాకుండా పోయింది? ముందు ఎముక సంగతి తెలుసుకుందాము.

ఎముక ఎండుకట్టె కాదు

మన శరీరంలోని ఎముక జీవమున్నది. దానిలో రక్తం ప్రవహిస్తుంది. కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పోగులు దానికి సాగే గుణాన్ని, కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం గట్టిదనాన్ని ఇస్తాయి. స్లాబులో ఇనుప చువ్వలు, కాంక్రీటు కలిసి బరువు మోసినట్లే ఇవి రెండూ కలిసి మనల్ని మోస్తాయి. శరీరంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. ఎముక లోపలి మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. కొన్ని కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, మరికొన్ని కొత్త ఎముకను కడుతుంటాయి. ఈ పని జీవితాంతం సాగుతూనే ఉంటుంది.

పిల్లల ఎముకలు వేరు

పుట్టిన బిడ్డలో సుమారు 300 ఎముకలు ఉంటాయి. పెరిగేకొద్దీ కొన్ని కలిసిపోయి పెద్దవారిలో 206 అవుతాయి. చేతులు, కాళ్ల పొడవు ఎముకల చివర్ల దగ్గర మెత్తటి పొర ఒకటి ఉంటుంది. దానిని గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఆడపిల్లల్లో సుమారు 14-16 ఏళ్లకు, మగపిల్లల్లో 16-18 ఏళ్లకు అది గట్టిపడి ఎదుగుదల ఆగుతుంది. ఆ పొరకు దెబ్బ తగిలితే ఆ చెయ్యి లేదా కాలు పొట్టిగానో, వంకరగానో ఎదగవచ్చు. అందుకే కీలు దగ్గర దెబ్బ తగిలి వాచినప్పుడు "బెణికిందిలే" అని వదిలేయకుండా ఎక్స్‌రే తీయించాలి. పసిపిల్లల ఎముక ఒక్కోసారి పచ్చి పుల్లలాగా ఒకవైపు చీలి, మరోవైపు వంగుతుంది.

అతికించేది ఎవరు?

డాక్టరూ కాదు, ఆకు పసరూ కాదు. శరీరమే అతికించుకుంటుంది. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో మెత్తటి అతుకు ఏర్పడుతుంది. తరువాత దానిలో ఖనిజం చేరి గట్టిపడుతుంది. పిల్లల ముంజేతికి సుమారు 4-6 వారాలు, పెద్దల తొడ ఎముకకు 3-4 నెలలు లేదా ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ముక్కలను సరిగా కూర్చి, కదలకుండా ఉంచడమే కట్టు పని.

నాటు కట్టుతోనూ ఎన్నో ఎముకలు అతుకుతాయి. కాదనము. అయితే ముక్కలు సరిగా కూడాయా, రక్తం పారుతోందా అన్నదే ప్రశ్న. విరిగిన తరువాత ఒకటి రెండు రోజులు వాపు పెరుగుతుంది. బిగించిన కట్టులో ఆ వాపుకు చోటుండదు. లోపల ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం అందదు. సుమారు ఆరు గంటలు అలా గడిస్తే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. చచ్చిన కండరం కుంచించుకుపోయి వేళ్లను లాగేస్తుంది. రిచర్డ్ ఫాన్ ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే దీనిని వివరించి, బిగుతు కట్లే కారణమని చెప్పారు. వాపు మరీ ఎక్కువైతే కట్టు లేకుండానే ఇలా జరగవచ్చని ఇప్పుడు మనకు తెలుసు.

ఈ గుర్తులు చూడండి

* మందు వేసినా నొప్పి తగ్గకుండా పెరగడం
* వేళ్లను మెల్లగా చాపితే పిల్లవాడు కేకపెట్టడం
* వేళ్లు వాచడం, చల్లబడడం, పాలిపోవడం లేదా నీలంగా మారడం
* తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం, వేళ్లు కదపలేకపోవడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గుడ్డ కట్టయితే వెంటనే వదులు చేసి, ఆసుపత్రికి బయలుదేరండి. అది మేము వేసిన పిండికట్టయినా సరే, అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకండి.

ఎముక విరిగిందని అనుమానం వస్తే మర్దనా చేయకండి, లాగకండి. మడిచిన వార్తాపత్రికనో, అట్టనో ఆనించి వదులుగా కట్టండి. ఆపరేషను అవసరం కావచ్చు కనుక డాక్టరు చూసేవరకు తినడానికి ఏమీ పెట్టకండి. కట్టు వేసిన తరువాత చేతిని దిండు మీద ఎత్తుగా ఉంచి, వేళ్లు కదుపుతుండమనండి.

కట్టులో ఉన్న బిడ్డ ఏడుస్తుంటే ఓర్చుకోమనకండి. ముందు వేళ్లు చూడండి.