ఫస్ట్ 650 బైక్: సీసీ చూసి కాదు, మీ చెయ్యి చూసి కొనండి



"అన్నా, మూడేళ్లుగా పల్సర్ 150 నడుపుతున్నా. ఇప్పుడు జాబ్ వచ్చింది. డైరెక్ట్‌గా 650 తీసుకోవచ్చా?" కామెంట్స్‌లో ఈ ప్రశ్న రాని వారం లేదు. కింద రిప్లైలు కూడా రెండే రకాలు. ఒకరు "తీసుకో బ్రో, అలవాటైపోద్ది" అంటారు. ఇంకొకరు "వద్దు బ్రో, పోతావ్" అంటారు. ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగరు: ఏ 650? నీ చేతికి ఏం వచ్చు?

ముందు ఈ సీసీ గోల తేల్చేద్దాం. మూడు బైకులు తీసుకోండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 648 సీసీ, పవర్ 47 పీఎస్. కవాసాకి నింజా 650 అయితే 649 సీసీ, 68 పీఎస్. కవాసాకి జెడ్ఎక్స్-6ఆర్ 636 సీసీ, అంటే ఈ మూడింటిలో చిన్న ఇంజిన్. కానీ పవర్ 120 పీఎస్ పైనే! పేపర్ మీద మూడూ మిడిల్‌వెయిటే. రోడ్డు మీద మాత్రం మూడూ వేర్వేరు జంతువులు.

ఇప్పుడు బరువు కూడా కలపండి. కేటీఎమ్ 390 డ్యూక్ 46 పీఎస్, బరువు దాదాపు 168 కిలోలు. ఇంటర్‌సెప్టర్ 47 పీఎస్, బరువు దాదాపు 218 కిలోలు. పవర్ దాదాపు సమానం, కానీ ఇంటర్‌సెప్టర్ ఇంకో 50 కిలోలు ఎక్కువ మొయ్యాలి. అందుకే 400 సీసీ డ్యూక్ కొత్తవాళ్ల చేతిలో ఆ 650 కన్నా దూకుడుగా అనిపిస్తుంది. "చిన్న ఇంజిన్ కాబట్టి సేఫ్" అనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

యూరప్‌లో ఈ విషయం మీ ఇష్టానికి వదలరు. అక్కడ ఏ2 అని ఒక లైసెన్స్ ఉంటుంది. దాంతో 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 పీఎస్ వరకే నడపాలి. పవర్‌కీ బరువుకీ మధ్య కూడా లిమిట్ ఉంటుంది. అది దాటాలంటే ఇంకో లైసెన్స్ కావాలి. మన దగ్గర? ఆర్టీఏ ఆఫీసులో స్ప్లెండర్ మీద 8 వేసి తెచ్చుకున్న కార్డుతోనే రేపు జెడ్ఎక్స్-6ఆర్ కూడా నడపొచ్చు. చట్టం ఆపదు. షోరూమ్ వాళ్లు అస్సలు ఆపరు. కాబట్టి ఆర్టీఏ ఇన్‌స్పెక్టర్ పని కూడా మీరే చెయ్యాలి. టెస్టింగ్ లేకుండా కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెడితే మేనేజర్ తిడతాడు, అంతే. ఇక్కడ క్రాష్ అంటే నిజంగా క్రాషే.

సరే, టెస్ట్ ఎలా? ఇప్పుడు మీ దగ్గరున్న బైక్ మీదే చేసుకోవచ్చు. ఊరి బయట వెంచర్లలో ఖాళీ తారు రోడ్లు ఉంటాయి కదా, ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్లండి. ఫుల్ గేర్ వేసుకోండి, ఒక ఫ్రెండ్‌ని తోడు తీసుకెళ్లండి.

ఒకటి, యూటర్న్. రెండు లేన్ల రోడ్డు వెడల్పు, అంటే 7 మీటర్ల లోపు, కాలు కింద పెట్టకుండా తిరగాలి. ఎడమవైపూ, కుడివైపూ. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేక్ కొంచెం నొక్కి, చూపు మీరు వెళ్లాల్సిన వైపు పెట్టాలి. 150 కిలోల బైక్ మీదే కాలు ఆనుతోందంటే 218 కిలోల బైక్ ట్రాఫిక్‌లో మిమ్మల్ని పడేస్తుంది.

రెండు, యాక్సిలరేటర్. ఫ్రెండ్‌ని వెనక కూర్చోబెట్టుకుని గేర్లు మార్చండి. వాడి హెల్మెట్ మీ హెల్మెట్‌కి టక్ టక్ మని తగులుతోందా? అంటే మీ చెయ్యి ఇంకా జర్కులు ఇస్తోంది. 14 పీఎస్ బైక్ ఆ తప్పుల్ని క్షమిస్తుంది. 68 పీఎస్ బైక్ తడి రోడ్డు మీద క్షమించదు.

మూడు, బ్రేక్. ఇది అన్నిటికన్నా ముఖ్యం. 40 స్పీడ్‌లో వచ్చి ఒక గుర్తు దగ్గర బ్రేక్ మొదలుపెట్టండి. పొడి రోడ్డు మీద 10 మీటర్ల దగ్గర్లో, బండి వంకర పోకుండా ఆగాలి. పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే. దాన్ని ఒక్కసారి గుంజకూడదు, పిండినట్టు పెంచుకుంటూ పోవాలి. "ముందు బ్రేక్ పట్టుకుంటే పడిపోతాం" అని వెనక బ్రేక్ ఒక్కటే తొక్కేవాళ్లు మనలో చాలామంది. ఏబీఎస్ చక్రం లాక్ అవ్వకుండా చూస్తుంది, కానీ మీ బదులు అది బ్రేక్ నొక్కదు. ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి. స్పీడ్ రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు. 40లో 10 మీటర్లు అంటే 80లో 40 మీటర్లు. కుక్క అడ్డొచ్చిందని మీ బుర్రకి ఎక్కేలోపు ఒక సెకను పోతే అదనంగా ఇంకో 22 మీటర్లు.

నాలుగు, మలుపులు. ఇది వెంచర్‌లో తేలదు. అరకు ఘాట్ లాంటి రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ మిమ్మల్ని మీరే గమనించుకోండి. మలుపు మధ్యలో భయపడి బ్రేక్ పట్టేస్తున్నారా? సెంటర్ లైన్ దాటి అవతలి లేన్‌లోకి జారుతున్నారా? అయితే స్పీడ్ తగ్గించే పని మలుపుకి ముందే పూర్తవ్వట్లేదు. ట్రాక్షన్ కంట్రోల్ ఉందని ధీమా వద్దు. అది వెనక చక్రం తిరిగిపోకుండా చూస్తుంది. ఎక్కువ స్పీడ్‌లో మలుపులోకి వెళ్లిన మనిషిని కాపాడలేదు.

ఇప్పుడు రిజల్ట్. మొదటి మూడింట్లో రెండు కూడా రాలేదా? ఇప్పుడున్న బైక్ మీదే ఆరు నెలలు ప్రాక్టీస్ చెయ్యండి. ఒక్క రూపాయి ఖర్చు లేదు. మూడూ ఓకే, మలుపులే తడబాటు అంటే ట్రయంఫ్ స్పీడ్ 400 లాంటిది చూడండి. 40 పీఎస్, 180 కిలోల లోపే. నాలుగూ వచ్చి, బరువు కూడా మొయ్యగలం అంటే ఇంటర్‌సెప్టర్. పవర్ కింది నుంచే మెత్తగా వస్తుంది, కంగారు పెట్టదు. నింజా 650 అలాంటి బైక్ మీద ఒకటి రెండు సీజన్లు తిరిగాక. జెడ్ఎక్స్-6ఆర్ మాత్రం ఫస్ట్ మిడిల్‌వెయిట్ లిస్టులోనే లేదు. దాని అసలు పవర్ చాలా పై ఆర్‌పీఎమ్‌లో ఉంటుంది, అది ట్రాక్ కోసం పుట్టిన బండి. "ఓఆర్ఆర్ మీద లాగుదాం" అనుకుంటున్నారేమో, హైదరాబాద్ ఓఆర్ఆర్ మీదకి టూ వీలర్లని రానివ్వరు.

షోరూమ్‌కి వెళ్తే ఫొటో దిగే ముందు ఇంజిన్ ఆపి బండిని తోయండి. స్టాండ్ మీంచి లేపండి, వెనక్కి లాగండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ స్లోప్ గుర్తు తెచ్చుకోండి. రోజూ రాత్రి అక్కడ దాన్ని పట్టుకోవాల్సింది మీరే. రెండు పాదాల ముందు భాగమన్నా గట్టిగా ఆనాలి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైకులకి జీఎస్టీ 40 శాతం. ఇన్సూరెన్స్, టైర్లు కూడా 150 సీసీ లెక్కలో ఉండవు. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్ల డబ్బు ముందే పక్కన పెట్టండి. ఆ తర్వాత మిగిలిందే బైక్ బడ్జెట్. ఈఎమ్ఐ కట్టాక గేర్‌కి డబ్బుల్లేవంటే ఆ బైక్ మీ బడ్జెట్‌లో లేనట్టే.

ఈ ఆదివారం టెస్ట్ చేసి, నాలుగింట్లో ఏది ఆగిపోయిందో కామెంట్‌లో రాయండి. ఎక్కువమందికి ఏది రాలేదో దాని మీదే వచ్చే వీడియో. హెల్మెట్ స్ట్రాప్ బిగించుకోండి. ఉంటాను, బై.